పొడవు మెడ డైనోసార్ బొమ్మలు: ఏ కొలతలో కొనాలి, ఏది ముందు కొనాలి

బెర్లిన్ మ్యూజియంలో నిలబెట్టిన జిరాఫటైటన్ అనే పొడవు మెడ డైనోసార్ అస్థిపంజరం ఎత్తు 13.27 మీటర్లు. దాన్ని నలభయ్యో వంతుకు తగ్గిస్తే 33 సెంటీమీటర్లు. మన ఇళ్లలోని పుస్తకాల బీరువాలో అరకూ అరకూ మధ్య ఎడం చాలావరకు ఒక అడుగు, అంటే 30 సెంటీమీటర్లు. ఆ మూడు సెంటీమీటర్లు నేను కొలుచుకోలేదు. ఎంతో ఇష్టపడి తెప్పించుకున్న బొమ్మ తల అరలో పట్టక బీరువా నెత్తిన, దుమ్ములో నిలబడవలసి వచ్చింది. అప్పటినుంచి ఈ బొమ్మల గురించి ఎవరు సలహా అడిగినా ముందు టేపు తీసి అర కొలవమంటాను. ఏ కంపెనీ, ఏ జాతి, ఎంత ధర అన్నవి ఆ తరువాతి సంగతులు.

మాంసాహార డైనోసార్ల బొమ్మలు సేకరించేవారికి ఈ చిక్కు అంతగా ఉండదు. 12 మీటర్ల టైరనోసారస్ నలభయ్యో వంతులో 30 సెంటీమీటర్ల పొడవే వస్తుంది, అదీ అడ్డంగా. సారోపాడ్‌ల లెక్క వేరు. పొడవాటి మెడ, పొడవాటి తోక, స్తంభాల్లాంటి నాలుగు కాళ్లతో ఆకులు మేసి బతికిన ఈ జాతులు నేల మీద నడిచిన జంతువులన్నింటిలోకి పెద్దవి. వాటిని ప్రేమించేవాళ్లం ముందుగా ప్రేమించేది ఆ పరిమాణాన్నే. అరలో ఉన్న బొమ్మలు తలా ఒక కొలతలో ఉంటే ఆ పరిమాణమే కనిపించకుండా పోతుంది. అందుకే పది కంపెనీల ఇరవై బొమ్మలకంటే ఒకే కొలతలో ఉన్న నాలుగు బొమ్మలు మేలని నా గట్టి అభిప్రాయం.

1:40, 1:35, లేదా కొలత లేనివి

పెట్టె మీద 1:40 అని ఉంటే బొమ్మ అసలు జంతువులో నలభయ్యో వంతు అని అర్థం. 1:35 కాస్త పెద్దది, 1:45 కాస్త చిన్నది. అంకెల్లో తేడా స్వల్పంగానే ఉంటుంది కాని అరలోకి వచ్చేసరికి పెరుగుతుంది. లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో 1905లో ఆవిష్కరించిన డిప్లొడోకస్ పోత అస్థిపంజరాన్ని అక్కడివాళ్లు ముద్దుగా డిప్పీ అంటారు. దాని పొడవు 26 మీటర్లు. 1:45లో అది 58 సెంటీమీటర్లు, 1:40లో 65, 1:35లో 74. మూడడుగుల అరలో మొదటిదాని పక్కన మరో మధ్యరకం బొమ్మ హాయిగా నిలుస్తుంది. చివరిదాని పక్కన పిల్ల డైనోసార్‌కు మాత్రమే చోటు మిగులుతుంది. అర్జెంటీనాలో దొరికిన పాటగోటైటన్ పొడవు సుమారు 37 మీటర్లు. 1:40లో కూడా అది 92 సెంటీమీటర్లవుతుంది, అంటే మూడడుగుల అరకు ఒక సెంటీమీటరు ఎక్కువ. నిజమైన కొలతలో దాన్ని పెట్టుకోవాలంటే బీరువా సరిపోదు, బల్ల కావాలి.

1:40లో ఉన్న పెద్ద సౌకర్యం ఎంపిక. మ్యూజియంలతో కలిసి తయారైన పాత వరుసల్లో చాలావాటికి ఇదే కొలత. ఇప్పుడు స్పెయిన్ నుంచి వస్తున్న ఇయోఫానా సారోపాడ్‌లు, హాంకాంగ్ సంస్థ కలెక్టా తీసుకువచ్చే డీలక్స్ వరుస కూడా ఎక్కువగా దీన్నే పాటిస్తాయి. ముప్పై ఏళ్ల నాటి బొమ్మను, నిన్న వచ్చిన బొమ్మను పక్కపక్కన పెట్టినా అవి ఒకే లోకంలోని జంతువుల్లా ఉంటాయి. 1:35 వైపు కొత్త చైనా సంస్థలు వచ్చాయి, వాటిలో హావోలాంగ్‌గుడ్ ముఖ్యమైనది. ఈ కొలతలో మరో లాభం ఉంది. సైనిక వాహనాల నమూనాలు కట్టేవారి ప్రధాన కొలత కూడా 1:35 కాబట్టి దానికి సరిపోయే మనుషుల బొమ్మలు తేలికగా దొరుకుతాయి. దాదాపు ఐదు సెంటీమీటర్ల మనిషిని డిప్లొడోకస్ ముందు కాలి పక్కన నిలబెట్టి చూడండి. బొమ్మ ఒక్కసారిగా జంతువైపోతుంది. 1:40లో మనిషి నాలుగుంబావు సెంటీమీటర్లు ఉండాలి. అంత కచ్చితంగా దొరకదు, వెతుక్కోవాలి.

దుకాణాల్లో ఎక్కువగా కనిపించేవి మాత్రం ఏ కొలతకూ కట్టుబడని బొమ్మలు. అమెరికా సంస్థ సఫారీ వారి వైల్డ్ సఫారీ వరుస, జర్మనీ ష్లైక్, ఫ్రాన్స్ పాపో, ఇవన్నీ ప్రధానంగా ఈ కోవలోనివి. పెట్టెకూ ధరకూ తగినట్టు జంతువును కుదించడం వారి పద్ధతి. ఒక్కొక్కటిగా చూస్తే అందులో తప్పేమీ లేదు. కాని 37 మీటర్ల పాటగోటైటన్, పది మీటర్లకు మించని అమర్గసారస్ మీ అరలో అన్నదమ్ముల్లా ఒకే పొడవున నిలబడితే, వాటి మధ్య ఉన్న అసలు తేడాను ఇంటికొచ్చిన పిల్లలకు మీరు మాటల్లో చెప్పుకోవలసిందే. ఒకే ఒక్క బొమ్మ కొనేవారికి ఈ వరుసలు మంచివి. సేకరణ కట్టాలనుకునేవారు ఇక్కడినుంచి ఏరుకోవాలి తప్ప వరుసంతా కొనకూడదు.

నిలువుగా పెరిగేవి, అడ్డంగా సాగేవి

బ్రాకియోసారస్ కుటుంబానికి ముందు కాళ్లు పొడవు. భుజాల దగ్గరే శరీరం పైకి లేచి, మెడ జిరాఫీలా నిలుస్తుంది. వీటికి అర ఎత్తు కావాలి. డిప్లొడోకస్ కుటుంబానికి ముందు కాళ్లు పొట్టి, మెడ ముందుకు చాస్తుంది, తోక కొరడాలా సన్నబడుతూ పోతుంది. వీటికి వెడల్పు కావాలి. అరల ఎడం మార్చుకోగల ఇనుప ర్యాకు ఉన్నవారు ఏదైనా కొనవచ్చు. చెక్క బీరువాలో అరలు బిగించి ఉంటే డిప్లొడోకస్ వైపు వెళ్లండి.

బ్రాకియోసారస్ అని రాసి ఉన్న బొమ్మ కొనేటప్పుడు ఒక విషయం తెలుసుకుని ఉండాలి. బ్రాకియోసారస్ పేరు 1903లో అమెరికాలోని కొలరాడోలో దొరికిన ఎముకలకు పెట్టారు. తరువాత జర్మన్ బృందాలు ఇప్పటి టాంజానియాలోని టెండగురులో ఇంకా ఎక్కువ ఎముకలు తవ్వి తీశాయి. వాటిని 1914లో బ్రాకియోసారస్‌లోనే మరో కొత్త జాతిగా లెక్కించి పేరు పెట్టారు. బెర్లిన్‌లో నిలబెట్టినది ఆ ఎముకలనే. 2009 నాటి సవివరమైన అధ్యయనం తరువాత ఆఫ్రికా జంతువును జిరాఫటైటన్ అని వేరుగా చెప్పడం స్థిరపడింది. తల మీద ముక్కు ఎముక కమానులా ఉబ్బి ఉండే బొమ్మలన్నీ నిజానికి ఆఫ్రికా జంతువు రూపమే, అట్ట మీద ఏ పేరున్నా సరే. నేను అలాంటివాటికి నా అరలో జిరాఫటైటన్ అనే చీటీ రాసి పెట్టాను. కొనకుండా ఉండవలసిన అవసరం మాత్రం లేదు.

బ్రోంటోసారస్ కథ దీనికి తిరగేసినది. 1879లో పెట్టిన ఆ పేరును, అంతకు రెండేళ్ల ముందే పేరు పొందిన అపాటోసారస్‌లో 1903లో కలిపేశారు. 2015లో ఒక పెద్ద అధ్యయనం రెండూ వేర్వేరని తేల్చి ఆ పేరును మళ్లీ నిలబెట్టింది. కాబట్టి పాత బొమ్మ కడుపు కింద బ్రోంటోసారస్ అని ముద్ర ఉంటే తప్పు పేరని పక్కన పెట్టకండి. పేరుకంటే తల చూడండి. ఈ జంతువుకు చాలా దశాబ్దాలు పొట్టి మూతి ఉన్న వేరే రకం తలను ఊహించారు. పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మ్యూజియం తన అపాటోసారస్‌కు సరైన తల పెట్టింది 1979లో. దానికి ముందు తయారైన బొమ్మల్లో గుండ్రని, మొద్దు తల కనిపిస్తే అది ఆ కాలపు గుర్తు. కొత్త బొమ్మలో అదే తల కనిపిస్తే శిల్పి విషయం తెలుసుకోకుండా చేశాడని అర్థం.

అర చిన్నదైతే చిన్న సారోపాడ్‌ల వైపు చూడమని గట్టిగా చెబుతాను. మెడ మీద రెండు వరుసల ముళ్లున్న అమర్గసారస్, తోక చివర గద ఉన్న షునోసారస్, వెడల్పాటి మూతితో నేల మీది మొక్కలు గీకి తిన్న నైజర్‌సారస్ అసలు జంతువులుగా దాదాపు పది మీటర్లవే. 1:40లో పాతిక సెంటీమీటర్లకు అటూ ఇటూగా ఉంటాయి. మూడూ పక్కపక్కన నిలబడితే సారోపాడ్‌లన్నీ ఒకేలా ఉంటాయన్న అపోహ చూపుతోనే పోతుంది. మొరాకో నుంచి వచ్చిన అట్లసారస్ అంత చిన్నది కాకపోయినా దాన్ని కూడా ఈ జాబితాలో చేర్చాలి. దీని మెడ తన బంధువులకంటే పొట్టి, కాళ్లు పొడవు. ఇయోఫానా వారి 1:40 అట్లసారస్ నా దృష్టిలో ఈ ధరలో దొరికే అత్యంత శ్రద్ధగల పని.

మామెంచిసారస్ మీద ఆశపడేవారు చాలామంది ఉంటారు, ఎందుకంటే మెడ అంటే దానిదే మెడ. ఆ కుటుంబంలో ఒక జాతికి మెడ పొడవు 15 మీటర్లకు పైనే ఉంటుందని 2023లో అంచనా వేశారు. చైనా సంస్థ పీఎన్‌ఎస్‌ఓ దీన్ని పెద్దగా, అందంగా చేసింది. అది మొదటి బొమ్మగా కొనదగినది కాదు. చోటు, డబ్బు, దాన్ని వేడి నుంచి కాపాడే ఓపిక ఉన్నవారు తరువాత కొనవచ్చు.

ముందు పాదాలు చూడండి

ఫొటో చూసి కొనవలసి వస్తే నేను మొదట పెద్దది చేసి చూసేది పాదాలనే. సారోపాడ్ ముందు పాదం ఏనుగు పాదం కాదు. వేళ్ల ఎముకలు గొట్టంలా నిలువుగా చేరి, వెనుకవైపు లోతుగా వంగిన అర్ధచంద్రంలా ఉంటుంది. దాని మీద పెద్ద గోరు ఒక్కటే, అదీ బొటనవేలిది. టైటనోసార్లనే తరువాతి కాలపు సారోపాడ్‌లలో చాలావాటికి అది కూడా లేదు. వెనుక పాదానికి మూడు పెద్ద గోళ్లు. ముందు కాలికి వరుసగా ఐదు గోళ్లు గుండ్రంగా చెక్కేసి ఉంటే ఆ శిల్పి ఏనుగును చూసి చేశాడు, ఎముకలను చూసి కాదు. పాదాల్లో శ్రద్ధ చూపినవాళ్లు మిగతా శరీరంలోనూ చూపుతారన్నది నా అనుభవం.

తరువాత తోక. నేల మీద ఈడ్చుకుంటూ ఉన్న తోక పాత ఊహ. నడక జాడల్లో తోక ఈడ్చిన గీతలు అరుదు, ఇప్పటి శిల్పులు తోకను గాలిలో ఉంచుతారు. ముక్కురంధ్రాలు కళ్ల మధ్య నడినెత్తిన ఉంటే అదీ పాత పద్ధతే. పుర్రెలో రంధ్రం అక్కడున్నా, మాంసంతో కూడిన నాసికారంధ్రం మూతి ముందువైపున ఉండేదని 2001లో వచ్చిన పరిశోధన తరువాత బొమ్మలు మారాయి. మెడ గుండ్రని రబ్బరు గొట్టంలా ఉండకూడదు. అపాటోసారస్ మెడ మరీ ముఖ్యంగా మొద్దుగా, వెడల్పుగా, బలంగా ఉండాలి.

ఈ లెక్కన పోలిస్తే ఇయోఫానా, వైల్డ్ సఫారీలో ఇటీవలివి, పీఎన్‌ఎస్‌ఓ ముందు వరుసలో నిలుస్తాయి. కలెక్టా బలం వేరు: ఇంకెవరూ చేయని జాతులను ధైర్యంగా చేస్తుంది. పాపో బొమ్మల చర్మం, ముడతలు, రంగు చూస్తే చేతిలోంచి దించబుద్ధి కాదు, కాని శరీర నిర్మాణంలో కొన్నిసార్లు కన్నుకు ఇంపు కోసం నిజాన్ని వదులుకుంటుంది. ష్లైక్ ఆటకు నిలబడే బొమ్మలు చేస్తుంది, మందపు కాళ్లు, గట్టి మెడ. ఆరేళ్ల పిల్లవాడు రోజూ ఆడుకోవడానికైతే నేను ఇయోఫానా కాదు, ష్లైక్‌నే కొంటాను.

పాత వరుసలు

లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం కోసం ఇన్విక్టా సంస్థ 1974 నుంచి చేసిన 1:45 బొమ్మలు ఎక్కువగా ఒకే రంగులో ఉంటాయి. వాటిలో డిప్లొడోకస్, బ్రాకియోసారస్, మామెంచిసారస్, సెటియోసారస్ ఉన్నాయి. కార్నెగీ మ్యూజియంతో కలిసి సఫారీ సంస్థ 1988 నుంచి 2015 వరకు తెచ్చిన 1:40 వరుస మరొకటి, వాటి శిల్పి ఫారెస్ట్ రోజర్స్. బోస్టన్ సైన్స్ మ్యూజియం పేరున బాటాట్ సంస్థ 1990లలో తెచ్చిన వరుసలో చాలావాటిని డాన్ లోరూసో చెక్కాడు. దాని డిప్లొడోకస్ ఈనాటికీ సేకర్తల కలల బొమ్మ.

వీటిలో ఒకటి కొనాలంటే కార్నెగీ వరుసలోది కొనండి. అన్నింటికంటే ఎక్కువకాలం తయారైంది కాబట్టి ధర అందుబాటులో ఉంటుంది, కొలత మీ 1:40 అరకు కుదురుతుంది. బాటాట్‌కు పెట్టే డబ్బుతో కొత్తవి రెండు మూడు వస్తాయి. ఇన్విక్టాను చరిత్ర మీద ప్రేమ ఉన్నవారే కొనాలి. పాతది కొనేటప్పుడు కడుపు కింద సంస్థ పేరు, సంవత్సరం ముద్ర ఉన్న ఫొటో తప్పక అడగండి. తిరునాళ్లలోనూ ఎగ్జిబిషన్లలోనూ కుప్పలుగా అమ్మే బోలు బొమ్మల్లో ఈ పాత శిల్పాలకు నకళ్లు చాలా ఉంటాయి. ముద్ర ఉండదు, గోళ్లు, కళ్లు అరిగిపోయినట్టుంటాయి.

మన ఎండల్లో

విదేశీ సేకర్తలు రాసే సలహాల్లో ఇది అంతగా కనిపించదు, మనకు మాత్రం ఇదే ప్రధానం. ఈ బొమ్మలన్నీ దాదాపుగా మెత్తని పీవీసీ ప్లాస్టిక్‌తో చేసినవి. వేడికి పీవీసీ మెత్తబడుతుంది. రామగుండంలోనో విజయవాడలోనో మే నెల మధ్యాహ్నం, తలుపులు మూసిన మేడమీది గదిలో నెలరోజులు నిలబడిన బ్రాకియోసారస్ మెడ మెల్లగా ముందుకు వాలుతుంది. బరువంతా మోసే ముందు కాళ్లు పక్కకు ఒరుగుతాయి. టైరనోసారస్ బొమ్మకు రెండు కాళ్ల సమస్య ఉన్నట్టే మన జంతువులకు మెడ సమస్య. లోపల గట్టిగా నిండిన బొమ్మ బరువెక్కువ కాబట్టి త్వరగా ఒరుగుతుంది, బోలుగా పోసిన పెద్ద బొమ్మ ఎక్కువకాలం నిలుస్తుంది. రెండింటి మధ్య సందేహం వస్తే, వేడి ఊళ్లలో ఉన్నవారు మెడ అడ్డంగా చాచి ఉన్నదానికంటే పైకెత్తి ఉన్నదాన్ని ఎంచుకోవడం మంచిది. అడ్డంగా ఉన్న మెడ చివర తల బరువు ఎక్కువ లాగుతుంది.

వంగినదాన్ని సరిచేయవచ్చు. బాగా వేడిగా ఉన్న నీళ్లలో ఆ భాగాన్ని ఒక నిమిషం ముంచి, మెత్తబడ్డాక మెల్లగా కావలసిన వంపుకు తెచ్చి, అలాగే పట్టుకుని చల్లని నీళ్లలో పెట్టాలి. ఒక్కసారిగా బలంగా వంచితే రంగు పగులుతుంది. నాకు ఒకసారి పెట్టెలో సరిగా సర్దకపోవడంతో తోక మెలితిరిగిన డిప్లొడోకస్ వచ్చింది. ఈ పద్ధతితో మూడు విడతల్లో అది తిన్నగా అయింది. నేరుగా ఎండ పడే కిటికీ పక్కన మాత్రం ఏ బొమ్మనూ పెట్టకండి. ఒరిగినదాన్ని నిలబెట్టవచ్చు, వెలిసిన రంగును వెనక్కి తేలేము.

పిల్లలకు కొనేవారికి రెండు మాటలు. మనదేశంలో 2021 జనవరి 1 నుంచి ఆటబొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి, అది చూసి కొనండి. మూడేళ్ల లోపు పిల్లలకు ముళ్ల అమర్గసారస్, కొరడా తోక డిప్లొడోకస్ వద్దు. మెత్తగా, పెద్దగా, నోట్లో పట్టని బ్రాకియోసారస్ ఇవ్వండి.

గోదావరి జంతువులు

కొనే ముందు వీలైతే హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియానికి వెళ్లి కోటసారస్ అస్థిపంజరం చుట్టూ ఒకసారి నడవండి. పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికిన ఎముకలవి. కనీసం పన్నెండు జంతువులకు చెందిన ఆ ఎముకలను అధ్యయనం చేసి, 1988లో పి. యాదగిరి దానికి కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. ఒక తెలుగు ఊరి పేరు శాస్త్రంలో అలా నిలిచిపోయింది. కాళ్లు శరీరం కింద ఎలా నిలుస్తాయో, మెడ భుజాల్లోంచి ఎలా బయలుదేరుతుందో అక్కడ ఒక పూట చూస్తే ఆ తరువాత ఏ ఫొటోలో ఏది బాగుందో మీ కన్నే చెబుతుంది. అదే ప్రాణహిత, గోదావరి లోయలో దొరికిన బారాపాసారస్ టాగోరి అస్థిపంజరం కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంది. బారా పా అంటే బెంగాలీలో పెద్ద కాలు. రవీంద్రనాథ్ ఠాగూర్ శతజయంతి ఏట తవ్వకం మొదలైంది కాబట్టి ఆయన పేరు, 1975లో అధికారికంగా నామకరణం. ఈ రెండు జంతువులకూ పళ్లు దొరికాయి కాని పుర్రె దొరకలేదు. కాబట్టి ఎవరు బొమ్మ చేసినా తల బంధు జాతులను చూసి ఊహించినదే అవుతుంది, శిల్పి నిజాయితీ అక్కడే తెలుస్తుంది.

మూడు బొమ్మలకే డబ్బుంటే నా వరుస ఇది: మొదట ఇయోఫానా అట్లసారస్, తరువాత 1:40 డిప్లొడోకస్ ఏదైనా ఒకటి, మూడోది చిన్న సారోపాడ్, అమర్గసారస్ లేదా షునోసారస్. ఎత్తైన అర దొరికాకే జిరాఫటైటన్. కోటసారస్ అసలు పొడవు దాదాపు 9 మీటర్లు, అంటే 1:40లో ఇరవై రెండున్నర సెంటీమీటర్లు. మంచి బొమ్మ ఒకటి నా చేతికి ఇంకా రాలేదు. మధ్య అరలో, అట్లసారస్‌కు ఎడమపక్కన, ఆ ఇరవై రెండున్నర సెంటీమీటర్లు కొలిచి చీటీ రాసి ఖాళీగా ఉంచాను.